చెవి పోతుంటే టేప్‌రికార్డర్ విప్పి కూర్చున్నాను

ఆ రోజు గురువారం. పొద్దున కుక్కర్‌లో పప్పు పెట్టి, చాటలో బియ్యం పోసుకుని, రాళ్లు ఏరుతూ కిటికీ పక్కన కూర్చున్నాను. టేప్‌రికార్డర్‌లో పాట నడుస్తోంది. ఇంగ్లీషు పాట. పాడే ఆమె పేరు నాకు నోరు తిరగదు. అందుకని ఎప్పుడో 'పూనకాలమ్మ' అని పేరు పెట్టుకున్నాను. బోనాలకు పూనకం వచ్చిన మనిషిలాగా మెల్లగా మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఇంటి కప్పు లేచిపోయేలా కేక వేస్తుంది. ఆ పాటలో మొదట ఆమె ఒక్కతే రెండు వరుసలు పాడుతుంది. తర్వాత బాకాలు వస్తాయి. బాకాల వెనుక ముగ్గురు ఆడవాళ్లు ఆమెకు జవాబు చెప్తారు. ముప్పై ఏళ్లకు పైగా వింటున్న పాట. ఆ రోజు బాకాలు సన్నగా వచ్చాయి. ఆ ముగ్గురు రాలేదు.

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. దుప్పటి కింద ఎవరో గొణుగుతున్నట్టు ఉంది. టేప్ హెడ్‌కు మురికి పట్టిందని తీర్మానించుకున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. మాది హైదరాబాద్‌లో కార్వాన్. నేను చదివింది నాలుగో తరగతి. మా ఆయనకు నయాపూల్ దగ్గర క్యాసెట్లలో పాటలు నింపే దుకాణం ఉండేది. కావాల్సిన పాటల పట్టీ రాసిచ్చి పోతే, రికార్డుల మీది నుంచి ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం. ముందు కౌంటర్ ఆయనది. తెర వెనుక ఎక్కించే పని నాది. అరవై క్యాసెట్ అంటే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. పాట మధ్యలో తెగకూడదు, చివర రీలు మిగలకూడదు. ఖాళీ రీలు చూస్తే అన్నం పారబోసినట్టు నా కడుపు మండేది. అందుకని ప్రతి పాట ఎన్ని నిమిషాలో ఎన్ని సెకన్లో బట్టీ పట్టాను. ఏ పాట పక్కన ఏ పాట పెడితే వైపు సరిగ్గా నిండుతుందో నాకు తెలిసినట్టు మా ఆయనకు కూడా తెలియదు.

కాలేజీ పిల్లలు ఇంగ్లీషు పట్టీలు తెచ్చేవాళ్లు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఎక్కుతున్నంతసేపు లేచి పోవడానికి లేదు. మొదట్లో ఇవేం అరుపులు అనుకున్నాను. రెండో ఏడాదికి, పట్టీ లేకపోయినా పెట్టుకుని వినడం మొదలుపెట్టాను. గిటారు వాయించే ఒకాయన తీగ పట్టి గుంజితే, సంతలో పిల్ల తప్పిపోయిన తల్లి కేకలా ఉంటుంది. బొంగురు గొంతు ఇంకొకాయన బతిమాలుతుంటే, ఏం బతిమాలుతున్నాడో తెలియకపోయినా ఇచ్చెయ్యమ్మా అనాలనిపిస్తుంది. దుఃఖానికి భాష ఎందుకు? మా ఆయన పోయి ఆరేళ్లు. దుకాణంలో మా కొడుకు ఇప్పుడు సెల్‌ఫోన్ల సామాను అమ్ముతున్నాడు. క్యాసెట్లు రెండు ట్రంకు పెట్టెల నిండా నా దగ్గరే ఉన్నాయి. మనిషి పోయాక నేను ఏడవకుండా నిలబడ్డానంటే ఆ పెట్టెల వల్లనే. ఇంట్లో లైటు వృథాగా వెలిగితే ఊరుకోను, ఎవరి కంచంలోనూ మెతుకు మిగలనివ్వను. పొద్దున పూట ఆ గంట పాటలు మాత్రం నాకు కావాలి.

పక్కింటి రజియా ఆపా తన మేకను చూపిస్తూ గోడ మీది నుంచి అరిచేది. "అక్కా, సుబహ్ సుబహ్ ఏంది ఈ లొల్లి? మా బక్రీ పాలిస్తలేదు!"

"నీ బక్రీకి సంగీతం తెల్వదు ఆపా," అనేదాన్ని.

సరే, ఆ గురువారం మా మనవరాలు భవానిని పిలిచాను. ఇంటర్ చదువుతోంది. వచ్చి పాట విన్నది.

"మంచిగనే వస్తుంది గదా నానమ్మా. ఎప్పటి లెక్కనే ఉంది."

"నీకేం తెల్సే పోరీ? చెవులల్ల ఆ గుండీలు వెట్టుకొని వెట్టుకొని నీ చెవులే కరాబైనయ్. నడువ్, స్పిరిట్ సీసా తే."

స్పిరిట్‌లో దూది ముంచి హెడ్ తుడిచాను. రబ్బరు చక్రం తుడిచాను. మార్పు లేదు. మర్నాడు మొత్తం విప్పాను. బెల్ట్ సాగిందని పెట్టెలో దాచిన కొత్త బెల్ట్ వేశాను. స్పీకర్ తీగలు మళ్లీ అతికించాను. రెండు రోజులు నేల మీద వంగి కూర్చుని ఆ మెషీన్‌ను బాగు చేస్తూనే ఉన్నాను. నా చెవి మీద నాకు అనుమానమే రాలేదు. నలభై ఏళ్లుగా టేప్‌లో తప్పు పట్టిన చెవి అది. తప్పు ఎప్పుడూ టేప్‌దే అయ్యేది.

మూడో రోజు పప్పు మాడింది. నేను కుక్కర్ పక్కనే ఉన్నాను. కోడలు స్వప్న పరుగెత్తుకొచ్చింది.

"అత్తమ్మా! అన్ని కూతలేస్తే బంద్ జెయ్యలే ఏంది? మీరు గీడనే ఉన్నరు గదా!"

నాకు ఆమె పెదవులు కదలడం కనిపించింది. మాట దూరం నుంచి, నీళ్లలో నుంచి వచ్చినట్టు వచ్చింది. అప్పుడు అర్థమైంది, పోయింది కుడి చెవి అని. ఎడమ చెవి నాకు చిన్నప్పటి నుంచీ అంతంత మాత్రమే. చీము కారి కారి చెవి లోపలి పర్దాకు రంధ్రం పడింది. ఇన్నేళ్లూ నేను బతికింది కుడి చెవితోనే.

అప్పుడైనా దవాఖానకు పోయానా? లేదు. చెవిలో గుబిలి అడ్డం పడిందనుకున్నాను. వెల్లుల్లి వేసి కాచిన నూనె నాలుగు రోజులు పోశాను. తగ్గలేదు. నయాపూల్ దగ్గర ఫుట్‌పాత్ మీద చెవులు సాఫ్ చేసే ఒకాయన దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆయన అద్దం పట్టి లోపలికి చూశాడు. గుబిలి తీసే సన్న సువ్వ చేతిలోకి కూడా తీసుకోలేదు. నాకు వినపడడం లేదని గమనించి చెవి దగ్గర అరిచాడు.

"మైల్ కుచ్ నై అమ్మా, అందర్ సాఫ్ హై. డాక్టర్‌కు చూపియ్. జల్దీ చూపియ్."

గుబిలే లేదంటాడు, పని రానివాడని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. ఫుట్‌పాత్ మీది మనిషికి తెలిసింది నాకు తెలియలేదు.

ఆ వారంలోనే చెవిలో చప్పుడు మొదలైంది. క్యాసెట్‌లో పాటలు అయిపోయాక ఖాళీ రీలు తిరుగుతుంటే 'ష్' అని వస్తుంది చూడండి, అదే. పగలంతా అదే. ఏ బటన్ నొక్కితే ఆగుతుందో తెలియదు. పదకొండో రోజు మంచం దిగబోతే నేల ఒక పక్కకు ఒరిగింది. గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. స్వప్న, భవాని కలిసి ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు.

ఈఎన్‌టీ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రెండు కాళ్ల ఇనుప ఫోర్క్ ఒకటి కొట్టి, అది మోగుతుండగా నా నుదుటి మీద ఆనించింది. ఏ చెవిలో వినిపిస్తోందని అడిగింది. ఎడమ చెవిలో అన్నాను, చెడ్డ చెవిలో. ఆమె ముఖం మారింది. నరం దెబ్బతింటే ఆ చప్పుడు అవతలి చెవికి పోతుందట. భవాని పక్కన నోట్‌బుక్ పట్టుకుని, డాక్టరమ్మ మాటలు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

"ఎన్ని రోజులైందమ్మా?"

"పదకొండు."

"పదకొండు రోజులు ఏం జేసిండ్రు?"

"టేప్‌రికార్డర్ బాగు జేసిన."

డాక్టరమ్మ భవాని వైపు చూసింది. భవాని నేలకేసి చూసింది.

తర్వాత భవాని రాసింది ఇది: 'గుబిలి కాదు. లోపల నరం దెబ్బతిన్నది. సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్. ఇది ఎమర్జెన్సీ. మొదటి రెండు మూడు రోజుల్లో వస్తే ఛాన్స్ ఎక్కువుండేది. ఇప్పుడు ట్రై చేద్దాం. గ్యారంటీ లేదు.'

ఆడియోగ్రామ్ అని ఒక గదిలో కూర్చోబెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి చేతికి బటన్ ఇచ్చారు. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కాలి. మొదట రెండు మూడు వినిపించాయి. తర్వాత లేవు. కానీ అవి ఎంత ఎడంతో వస్తున్నాయో నేను పట్టేశాను. ఆ లెక్కన నొక్కుతూ పోయాను. పరీక్ష పాసైతే చెవి వచ్చేస్తుందన్నట్టు. కాసేపటికి పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసుకుని వచ్చింది. భవానితో చెప్పి రాయించింది: 'అమ్మా, నేను సౌండ్ ఇయ్యకముందే నొక్కుతున్నరు. మోసం జేస్తే మీకే నష్టం.'

అరవై ఎనిమిదేళ్ల వయసులో కాపీ కొట్టి దొరికిపోయాను. సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది. మళ్లీ చేశారు. ఈసారి ఎంతోసేపు ఆ గదిలో బటన్ పట్టుకుని ఊరికే కూర్చున్నాను. నొక్కడానికి ఏమీ రాలేదు.

స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. నాకు షుగర్ ఉంది. మాత్రలకు అది ఎగబాకింది. దవాఖానలో చేర్చుకుని ఇన్సులిన్ ఇచ్చారు. ఎంఆర్ఐ తీశారు. ఆ మెషీన్ చప్పుడుకు అందరూ భయపడతారట. నాకు వీపు కింద అదురు తగిలింది, అంతే. గడ్డలేమీ లేవన్నారు. స్వప్న దండం పెట్టుకుంది. నాకు సంతోషం కలగలేదు. గడ్డ ఉంటే కోసి తీసేవాళ్లు, పాటలు తిరిగి వచ్చేవి కదా అనిపించింది. అంత పాడు ఆలోచన చేశాను.

మాత్రలతో ఏమీ రాలేదు. డాక్టరమ్మ రాయించింది: 'ఇంకొక్క దారి ఉంది. చెవి పర్దా గుండా లోపలికే స్టెరాయిడ్ ఇంజెక్షన్. వారానికి ఒకటి, నాలుగు వారాలు.'

ఇంజెక్షన్ చేశాక అరగంట కదలకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. మింగకూడదు, మాట్లాడకూడదు. మందు లోపలికి చల్లగా దిగుతుంది, తల గిర్రున తిరుగుతుంది. అరగంట అంటే నాకు తెలుసు. అరవై క్యాసెట్‌లో ఒక వైపు. కళ్లు మూసుకుని నా మనసులోనే ఒక వైపు మొత్తం పెట్టుకున్నాను. పూనకాలమ్మతో మొదలు, తర్వాత బొంగురాయన, తర్వాత ఆ గిటారాయన. ఏడు పాటలు. చివరిది అయిపోయేసరికి నర్సమ్మ వచ్చి భుజం తట్టింది. ఒక్క సెకను కూడా మిగల్లేదు.

రెండో ఇంజెక్షన్ తర్వాత కొంచెం వచ్చింది. వీధిలో లారీ పోతే వినిపించింది. తలుపు కొట్టుకుంటే వినిపించింది. ఆడియోగ్రామ్‌లో కింది శ్రుతి శబ్దాల దగ్గర గీత పైకి లేచింది. ఇంటికి రాగానే టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాను. బటన్ నొక్కాను.

అది పాట కాదు. రేకు డబ్బాను బండ మీద ఈడ్చినట్టు ఉంది. పూనకాలమ్మ గొంతు రెండుగా చీలి, ఒకటి పైన ఒకటి కింద, రెండూ శ్రుతి తప్పి వచ్చాయి. ఏ పాటో నాకు గుర్తు కూడా దొరకలేదు. వినపడకపోవడం ఒక బాధ. వినపడినది ఇలా ఉండడం దానికంటే పెద్ద బాధ. పాడె మీది ముఖానికి ఎవరో రంగులు పూసి నా ముందు పెట్టినట్టయింది. బంద్ చేసి, తిండి తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నాలుగో ఇంజెక్షన్ రోజున ఇంకొకటి జరిగింది. ఎప్పటిలాగే మనసులో క్యాసెట్ పెట్టుకున్నాను. రెండు పాటలు నడిచాయి. మూడోది రాలేదు. దాని నిడివి గుర్తుంది, నాలుగు నిమిషాల పది సెకన్లు. రాగం రాలేదు. ఆ రేకు చప్పుడే వచ్చింది. బయటి పాట పోయింది, ఇప్పుడు లోపలిది కూడా పోతోంది. అరగంట కదలకూడదు కనుక కదల్లేదు. కళ్లనీళ్లు ముక్కు మీదుగా పక్క మీదికి కారాయి. తుడుచుకోవడానికి కూడా లేదు.

డాక్టరమ్మ చివరి ఆడియోగ్రామ్ చూసి తానే పెన్ను తీసుకుని రాసింది: 'ఇంక ఇంజెక్షన్లతో లాభం లేదమ్మా. వచ్చింది ఇంత వరకే.'

ఆ తర్వాతి నెల గురించి ఎక్కువ రాయలేను. మాట్లాడడం మానేశాను. లైట్లు వెలుగుతున్నా పట్టించుకోలేదు. అప్పుడే ఇంట్లో వాళ్లకు భయం పట్టింది. పొద్దున ఎండ పడ్డా మంచం దిగేదాన్ని కాదు. ఒకరోజు వీధిలో పాత సామాన్ల ఆయన కనిపిస్తే మేడ మీదికి పిలిచి రెండు ట్రంకు పెట్టెలూ తెరిచి చూపించాను. అన్నీ తీసుకుపొమ్మన్నాను.

ఆయన ఒక క్యాసెట్ విప్పి రీలును గోటితో గీకి చూశాడు. నాకు వినపడేలా అరిచాడు.

"రీలు ఎవరు తీస్కుంటరమ్మా? ఫుకట్‌ల ఇచ్చినా వద్దు. ఖాళీ డబ్బలుంటే ఇయ్యి, అవి పోతయ్."

నాకు ఒళ్లు మండింది. "ఏమన్నవ్? పాటలు వద్దా? డబ్బలు గావాల్నా? నడువ్ బయటికి! మెట్లు దిగు!"

నెల రోజుల తర్వాత నోరు విప్పింది అప్పుడే. కింద స్వప్న నవ్విందో ఏడ్చిందో, కొంగు మాత్రం ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇలా ఎవరికీ అక్కర్లేక ఆ పెట్టెలు ఇంట్లోనే ఉండిపోయాయి.

ఆ వారమే స్వప్న నన్ను హియరింగ్ ఎయిడ్ కోసం తీసుకుపోయింది. పరీక్షలో నా మోసం పట్టిన ఆ అమ్మాయే కుడి చెవికి పెట్టింది. ఎడమ చెవి కారుతుంది కనుక దానికి పనికిరాదంది. పెట్టగానే స్వప్న మాట వినిపించింది. కరకరలాడుతూ వచ్చింది, అయినా మాటే.

"మాటలకు మంచిగ పనిజేస్తదమ్మా. పాటలకు మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకుండ్రి."

"నాకు మాటలతోటి పనిలేదు బిడ్డా. ఇంట్ల మాట్లాడుకునేది నాకెర్కనే. నాకు పాటలు గావాలె."

"భజన పాటలా అమ్మా?"

"ఇంగ్లీషువి. బాకాలు, గిటార్లు ఉండేటియి."

ఆ అమ్మాయి స్వప్న వైపు చూసింది. నిజమే అన్నట్టు స్వప్న తల ఊపింది.

"మాకు దెల్వదా ఏంది? ఇరవై ఏండ్ల సంది మా మెదడు తింటుంది," అన్నది. ఆ మాట కూడా నాకు వినిపించింది. చాలా రోజుల తర్వాత ఒకరు నన్ను ఆడిపోసుకోవడం నా చెవిన పడింది.

ఆ అమ్మాయి కంప్యూటర్‌లో ఏవో మార్చి, ఇంకొక ప్రోగ్రాం పెట్టింది. ఎయిడ్ మీది చిన్న బటన్ నొక్కితే అది పాటలకు మారుతుంది. "తెలిసిన పాటలే పెట్టుకోండ్రి. ఒకటే పాట మళ్లమళ్ల ఇనుండ్రి. మెదడు నేర్చుకోవాలె. టైం పడ్తది," అన్నది.

ఏడాది దాటింది. ఇప్పుడు నా సంగతి ఇది. చెవిలో ఖాళీ రీలు ఇంకా తిరుగుతూనే ఉంది. నలుగురు ఒకేసారి మాట్లాడితే ఏమీ తెలియదు. షుగర్ దారికి వచ్చింది. రోజూ పొద్దున క్యాసెట్ ఒక వైపు మాత్రమే వింటాను, అరగంట. తర్వాత చెవికి విశ్రాంతి. అరచెయ్యి స్పీకర్ చెక్క మీద పెట్టి కూర్చుంటాను. డప్పు, గిటార్ల లావు తీగల మోత చేతికి తగులుతాయి. కొన్ని చెవికి వస్తాయి. మిగిలినవి గుర్తులో నుంచి తెచ్చుకుంటాను. మొదటిసారి రేకు చప్పుడే. పది రోజులు అదే పాట వింటే, రేకు కింద నుంచి మనిషి గొంతు మెల్లగా లేస్తుంది. ఆ నాలుగు నిమిషాల పది సెకన్ల పాట నాలుగు నెలలకు వచ్చింది.

తెలియని పాట మాత్రం రాదు. మొన్న భవాని ఫోన్‌లో వెతికి, పూనకాలమ్మ పాడినదే, నేను ఎన్నడూ వినని పాట తెచ్చింది. సంబరంగా స్పీకర్‌కు తగిలించింది. నెల రోజులు రోజూ విన్నాను. ఈ రోజుకీ అది నాకు చప్పుడే. గుర్తులో లేనిది తెచ్చుకోవడానికి ఎక్కడి నుంచి తేవాలి? ఆమె ఇంకా ఎన్ని పాడిందో నాకు ఇక తెలియదు. ఆ తలుపు మూసుకుపోయింది. ఆ పదకొండు రోజుల్లో నేనే మూసుకున్నానేమో అన్న ఆలోచన పోదు. నేను ముందే పోయినా చెవి తప్పక బాగయ్యేదని చెప్పలేమని డాక్టరమ్మ అన్నది. దయగల మనిషి కాబట్టి అన్నదేమో తెలియదు.

గురువారం నాటి పాట కూడా వింటుంటాను. బాకాలు వస్తాయి. ఆ వెనుక ముగ్గురు ఆడవాళ్లు జవాబు చెప్పాల్సిన చోట ఊపిరి బిగపట్టి కూర్చుంటాను. కొన్ని రోజులు ముగ్గురూ వస్తారు. కొన్ని రోజులు ఇద్దరే. ఎవరూ రాని రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజు టేప్ బంద్ చేసి బియ్యం ఏరుకుంటాను.

ఇది చదివే మీకు చెప్పేది ఒక్కటే. టీవీ గానీ, ఫోన్ గానీ, పాట గానీ ఉన్నట్టుండి తగ్గినట్టు అనిపిస్తే, ముందు మెషీన్‌ను అనుమానించకండి. ఇంట్లో ఇంకొకరిని పిలిచి వినిపించండి. వాళ్లు బాగానే ఉందంటే నూనె పోయకండి, పుల్ల పెట్టకండి. ఆ రోజే చెప్పులు వేసుకుని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోయి ఆడియోగ్రామ్ చేయించుకోండి. మా భవాని ఆ గురువారం పొద్దున్నే 'మంచిగనే వస్తుంది' అని చెప్పింది. నేను దాన్ని తిట్టి స్పిరిట్ సీసా తెమ్మన్నాను. ఆ టేప్‌రికార్డర్‌కు ఆ రోజు ఏ రోగమూ లేదు. ఈ రోజుకీ లేదు.